ఫ్లోరెన్సులో ఒక పగలు, ఒక జత బూట్లు

ఈ వ్యాసం ఇప్పుడే రాయాలి. ఇటలీలో యుద్ధం ముగిసింది కనుక సెప్టెంబరు నెలాఖరుకు అరెజ్జోలోని మన సైనిక ఆసుపత్రిని ఎత్తేసి అందరినీ ఓడరేవుకు పంపుతున్నారు. ఒక రోజు సెలవు మీద ఫ్లోరెన్సు నగరానికి వెళ్ళే లారీలు ఇక నాలుగో అయిదో ఉన్నాయి. మన తెలుగువాళ్ళ చేతిరాత పత్రికకు కూడా బహుశా ఇదే చివరి సంచిక. నేను జూలైలో ఆ ఊరు చూసి వచ్చానని తెలిసినప్పటి నుంచి, గాయానికి కట్టు కడుతుండగా కూడా అడుగుతున్నారు: ఎన్నింటికి బయలుదేరాలి, తిండి దొరుకుతుందా, ఎంత డబ్బు ఉంచుకోవాలి అని. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మరిచిపోతున్నాను. పైగా ఆ రోజు జరిగినదాని గురించి ఒక నవ్వులాట కథ లారీల షెడ్డు నుంచి వంటశాల దాకా తిరుగుతోంది. అందులో సగమే నిజం. మిగతా సగం చెప్పడానికి, ఆ రోజు లారీ నడిపిన రెడ్డిగారు ఒప్పుకున్నారు. "నా పేరు, మా ఊరి పేరు మాత్రం ఎయ్యొద్దు సిస్టరమ్మా" అన్నారు. అందుకని ఆయనది కడప జిల్లా అని మాత్రమే రాస్తాను. తెలుగు చదవగలిగిన ఆఫీసరు ఇక్కడ ఎవరూ లేరు కనుక ఆయనకు దీనివల్ల చిక్కు రాదు.

ఫ్లోరెన్సు చూడాలన్న కోరిక నాకు నర్సు శిక్షణలో చేరిన మొదటి వారంలోనే కలిగింది. మా వృత్తికి దారి చూపిన దొరసాని అక్కడ పుట్టిందనీ, ఊరి పేరునే ఆమెకు పెట్టారనీ పాఠంలో చెప్పారు. అప్పటికి నేను నంద్యాల దాటి ఎరగను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. నాన్న రైతుల పొలాల్లో కూలికి పోయేవాడు. అమ్మ మహానందికి వచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మేది. ఆ గంప పక్కన కూర్చొనే నేను పలక మీద అక్షరాలు దిద్దాను. కొత్త ఊరికి వచ్చినవాళ్ళు మొదట ఏమి అడుగుతారో అందుకే నాకు తెలుసు: నీళ్ళు ఎక్కడ, నీడ ఎక్కడ, తిరిగిపోయే బండి ఎప్పుడు. ఆ మూడూ చెబుతాను.

సెలవు దొరికింది కానీ నర్సులు ఒంటరిగా వెళ్ళకూడదు. నాతో రావలసిన తోటి నర్సుకు ముందురోజు జ్వరం వచ్చింది. అప్పుడు నా వార్డులో ఉన్న దేవదానం తానూ వస్తానన్నాడు. కోసిగి దగ్గర ఒక పల్లె అతనిది. వంతెనలు కట్టే దళంలో పని. ముంజేతికి తగిలిన గాయం మానింది. మా ప్రయాణం అయిన రెండో రోజు, గురువారం నాడు, రైలెక్కి ఓడరేవుకు వెళ్ళి ఇంటికి పోవలసినవాడు. అతని మొలతాడుకు గుడ్డలో కట్టిన అర్ధరూపాయి ఒకటి ఉండేది. ఊరు విడిచేటప్పుడు తల్లి కట్టిందట.

"బతికి బయటపడితే యాడన్నా పెద్ద గుడిలో దేవునికి ఎయ్యమనింది అక్కా. ఇంటికి పోయి మా అమ్మ మొగం చూడాలంటే ముందు ఇది ఎయ్యాల గదా" అన్నాడు. మేమిద్దరం ఒకే సంఘం వాళ్ళం, మాలపల్లెల్లో పుట్టిన క్రైస్తవులం. అందుకని అక్కా అనేవాడు. అతనికంటే నేను రెండేళ్ళు చిన్న.

అతనికి ఆ గురువారం రైలు ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం నాకే చదవమని ఇచ్చాడు. ముంగారు వానలు, అదే తొలకరి, పడలేదని, శ్రావణం గడిచేదాకా చూసి, తలుపుకు తడిక కట్టి, తల్లీ భార్యా పనులు వెతుక్కుంటూ వలస పోతామని ఊరి ఉపాధ్యాయుడి చేత రాయించారు. ఏ వైపు పోయేదీ కూలీలను తీసుకుపోయే మేస్త్రీ వచ్చినప్పుడే తెలుస్తుందట. ఈ ఓడ అందితే శ్రావణంలోనే ఇల్లు చేరతాడు. తప్పితే ఇంకో ఓడ ఎన్నాళ్ళకో. అప్పటికి ఇంట్లో ఎవరూ ఉండరు, ఎక్కడున్నారో చెప్పేవాళ్ళూ ఉండరు. ఓడ కోసం రైలెక్కేవాళ్ళకు ముందురోజు సామాను తనిఖీ చేస్తారని మీకు తెలుసు. సర్కారు ఇచ్చిన వస్తువు ఒక్కటి తగ్గినా విచారణ ముగిసేదాకా మనిషిని ఆపేస్తారు.

మంగళవారం ఉదయం ఆరింటికి లారీ బయలుదేరింది. మీరు అయిదున్నరకే వచ్చి అనుమతి చీటీలు చూపించుకోండి. నన్ను ముందు, రెడ్డిగారి పక్కన కూర్చోబెట్టారు. వెనక ఉత్తరాది సిపాయిలు ఎనిమిది మంది, వాళ్ళతో దేవదానం. అరెజ్జో నుంచి ఫ్లోరెన్సుకు యాభై మైళ్ళే అయినా మూడు గంటలు పడుతుంది. దారి ఆర్నో నది వెంబడి పోతుంది. ద్రాక్షతోటలు, ఆలివు చెట్లు, గుట్టల మీద రాతి ఇళ్ళు. దూరం నుంచి చూస్తే మన నల్లమల అంచు పల్లెల్లాగే ఉంటాయి. దగ్గరికి పోతే కప్పులు లేవు. వంతెనలన్నీ కూలిపోయాయి. ప్రతిచోటా మన సైన్యాలు వేసిన ఇనుప వంతెన మీద నిదానంగా దాటాలి. వంతెన వచ్చినప్పుడల్లా వెనక నుంచి దేవదానం కప్పు మీద దబదబ కొట్టేవాడు.

రెడ్డిగారు తల బయటికి పెట్టి అరిచారు. "ఒరే దేవదానం, ఏందిరా అది? లారీ అనుకుంటివా, తప్పెట అనుకుంటివా?"

"నిదానంగా పోండి రెడ్డయ్యా. మేము చచ్చి చెడి కట్టినవి ఇవి. మీ తోలుడుకు ఇరిగిపోతాయి!"

"నా తోలుడుకు ఇరిగేదైతే నువ్వు కట్టింది వంతెన కాదురా, పందిరి."

వెనక ఉన్నవాళ్ళకు భాష తెలియకపోయినా నవ్వారు. రెడ్డిగారు అందరినీ అప్పా అంటారు. ఉత్తరాది సిపాయిని కూడా "ఏమప్పా" అనే పిలుస్తారు. దేవదానాన్ని మాత్రం ఒరే అంటారు. దేవదానం ఆయనను రెడ్డయ్యా అంటాడు. ఊరు విడిచి ఇన్నేళ్ళయినా, ఇన్ని సముద్రాలు దాటినా ఇద్దరి నోటికీ అవే మాటలు వస్తాయి. నేనూ దాన్ని వింతగా అనుకోలేదు.

తొమ్మిదింటికి చేరాము. శాంతా క్రోచే గుడి ముందున్న పెద్ద మైదానంలో లారీలు నిలుపుతారు. సాయంకాలం అయిదున్నరకు మళ్ళీ అక్కడికే రావాలి. ఉత్తరాది వాళ్ళు సినిమాకు పోయారు. రెడ్డిగారు లారీకి తాళం వేసి, "సాయంత్రం దాకా ఈడ కూకొని ఏం చేసేది, పదండి నేనూ వస్తా" అన్నారు. ఒక రోజులో చూడదలచినవాళ్ళు ఉదయం ఎండ ముదరకముందే నది దగ్గరికి పోవడం మంచిది. నది మీద ఉన్న పాత వంతెనల్లో ఒక్కటే మిగిలింది. దాని మీద రెండు వైపులా కంసాలి అంగళ్ళు ఉన్నాయి. కొన్ని మూసి ఉన్నాయి. దాని రెండు కొసల్లోనూ వీధులకు వీధులే రాళ్ళకుప్పలు. ఆడవాళ్ళు ఆ కుప్పల్లో ఇంకా ఏదో వెతుకుతున్నారు. నది ఎండాకాలపు పెన్నలాగా ఒక పక్కకు ఒదిగి పారుతోంది. అందరూ పాత వంతెన చూస్తుంటే దేవదానం మాత్రం దానికి వీపు పెట్టి, కొద్ది దూరంలో పాత స్తంభాల మీద కొత్తగా వేసిన ఇనుప వంతెనను చూస్తూ నిలబడ్డాడు.

"ఇంత దూరం వచ్చి అదేనా చూసేది?" అన్నాను.

"పాతది ఎవరు కట్టినారో మనకు తెలీదు గదక్కా. ఇట్లాంటిది యాడ మొదలుపెట్టేదీ, యాడ చేతులు కోసుకునేదీ నాకు తెలుసు" అన్నాడు.

అక్కడి నుంచి పాత కోట ముందున్న చావడికి నడిచాము. పది నిమిషాల దారి. అక్కడ రాతి విగ్రహాలు చాలా ఉన్నాయి. కొన్నింటి చుట్టూ యుద్ధకాలంలో కట్టిన ఇటుక గోడలు ఇంకా ఉన్నాయి. పేరున్న పటాలను పల్లెల్లో దాచారట, ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయట. కనుక పటాల మీద ఆశ పెట్టుకొని పోకండి. నేను ఆశ పెట్టుకున్న ఇల్లు, ఆ దొరసాని పుట్టిన ఇల్లు, కూడా చూడలేకపోయాను. అది ఊరిబయట గుట్ట మీద ఉందని ఒక పోలీసు చేతితో చూపించాడు. ఎండలో అంత దూరం నడిస్తే సాయంకాలం లారీ అందదు. చూపించిన వైపు కొంతసేపు చూశాను. ఎర్ర పెంకుల కప్పులూ, నల్లటి సన్నని చెట్లూ తప్ప ఏమీ కనిపించలేదు.

గుళ్ళు మధ్యాహ్నం పన్నెండింటికి మూసి మూడింటికి తెరుస్తారు. ఇది తెలియక చాలామంది మూసిన తలుపులు చూసి వచ్చేస్తారు. ఆ వేళను భోజనానికి పెట్టుకోండి. శాంతా క్రోచే వెనక సందులో ఒక పూటకూళ్ళ అంగడి ఉంది. పేరు బోర్డు లేదు. గుమ్మానికి పూసల తెర వేలాడుతుంది. లోపల లావుపాటి ఒకామె రాగి బానలో ఏదో పసుపుపచ్చనిది కట్టెతో కలియబెడుతోంది. వాసన తగలగానే దేవదానం నా భుజం తట్టినంత పని చేశాడు.

"అక్కా, సంగటి! ఆ కట్టె తిప్పేది చూడు, మా అమ్మ తిప్పినట్లే తిప్పుతాండాది!"

నిజంగా సంగటే. మొక్కజొన్న పిండితో చేస్తారు, పొలెంతా అంటారు. ముద్దలు కట్టరు. ఆమె బల్ల మీద వెడల్పాటి చెక్కపలక ఒకటి వేసి, బానెడూ దాని మీద కుమ్మరించి, నడుమ చిక్కుడుగింజల పులుసు పోసింది. ముగ్గురికీ మూడు ముళ్ళ చెంచాలు ఇచ్చి, ఎవరి అంచు నుంచి వాళ్ళు తినండని సైగ చేసింది. పళ్ళేలు ఇవ్వలేదు. ఇక్కడ ఇంటిల్లిపాదీ ఒకే పలక మీద అలాగే తింటారట.

రెడ్డిగారు చెంచా ముట్టలేదు. "నాకు ఆకలి లేదు. మీరు తినండి" అన్నారు. ఉదయం నుంచి ఆయన కూడా ఏమీ తినలేదు. దేవదానానికి వెంటనే అర్థమైంది. లేచి, "నేను అట్ల బయట కూకుంటా రెడ్డయ్యా, మీరు కానిచ్చినాక తింటా" అన్నాడు. కోపంతో అనలేదు, మామూలుగానే అన్నాడు. అంగడి ఆమెకు ఇదంతా ఎలా తెలుస్తుంది? వంట బాగాలేదని లేస్తున్నాడనుకుంది. దేవదానాన్ని భుజాలు పట్టి కూర్చోబెట్టి, రెడ్డిగారి చేతిలో చెంచా పెట్టి, గడగడా ఏదో తిట్టింది. తిట్లకు భాష అక్కరలేదు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకొని మా నెత్తిన నిలబడింది.

"ఈమె మా పెద్దమ్మ మాదిరి ఉండాదే" అని గొణిగి రెడ్డిగారు తన మూల నుంచి తినడం మొదలుపెట్టారు. దేవదానం తన అంచు నుంచి తిన్నాడు. ఇద్దరూ ఎంత జాగ్రత్తగా తిన్నారంటే నడుమ జానెడు గట్టు మిగిలిపోయింది. ఆమె వచ్చి చూసి, ఒక దారం తీసి ఆ గట్టును రెండుగా కోసి, చెరో వైపుకు నెట్టింది. ఇద్దరూ తినేశారు. ముగ్గురికీ కలిపి నూటయాభై లీరాలు తీసుకుంది. మీ దగ్గర సబ్బుబిళ్ళ ఉంటే అది కూడా ఇవ్వండి. డబ్బుకంటే దానికి ఎక్కువ సంతోషిస్తారు.

మూడింటికి పెద్ద గుడికి పోయాము. తెలుపు, ఆకుపచ్చ, గులాబి రంగుల చలువరాతితో కట్టిన గుడి అది. దాని గుమ్మటం ఊళ్ళో ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది. ఆడవాళ్ళు తల మీద రుమాలు కప్పుకోవాలి. రెడ్డిగారు లోపలికి రానన్నారు. గుడి పక్క నీడలో గోడకు ఆనుకొని కునుకు తీస్తానని పోయారు.

తలుపు దగ్గర ఒక ముసలమ్మ చిన్న బల్ల మీద కొవ్వొత్తులు అమ్ముతోంది. దేవదానం మెట్టు మీద కూర్చొని బూట్లు విప్పాడు. నేనూ నా తెల్లగుడ్డ జోళ్ళు విప్పాను. మా గుళ్ళలో చెప్పులతో లోపలికి పోవడం పుట్టి ఎరగము. ఇక్కడివాళ్ళు బూట్లతోనే పోతున్నారని కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. అయినా, "వాళ్ళది వాళ్ళదే అక్కా. దేవునికి మొక్కు చెల్లించే పొద్దు బూట్లేసుకొని పోతానా?" అన్నాడు. నాకూ అదే సరి అనిపించింది. మహానందిలో యాత్రికులు అమ్మ దగ్గర రెండు అరటిపళ్ళు కొని, గంప పక్కన చెప్పులు విడిచి కోనేటికి పోయేవాళ్ళు. కొన్నవాళ్ళ చెప్పులు కాయడం అమ్మినవాళ్ళ బాధ్యత. ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఒక్క జత కూడా పోయిందని వినలేదు. అందుకని మేము ముసలమ్మ దగ్గర రెండు కొవ్వొత్తులు కొని, రెండు జతలూ ఆమె బల్ల పక్కన వరుసగా పెట్టి, చూసుకోమన్నట్లు తల ఊపి లోపలికి పోయాము. ఆమె కూడా తల ఊపింది.

లోపల ఎంత పెద్దదో చెప్పలేను. బయటి రంగులేవీ లోపల లేవు. చల్లగా, చీకటిగా, దాదాపు ఖాళీగా ఉంది. మన గుడి లాంటివి యాభై పడతాయి. చలువరాయి కాళ్ళకు హాయిగా తగిలింది. దేవదానం మోకరించి, నుదురు నేలకు ఆనించి, ఊళ్ళో చేసినట్లే గొంతెత్తి ప్రార్థన చేశాడు. తల్లి పేరు, భార్య పేరు, తనతో పనిచేసి తిరిగిరాని ఇద్దరి పేర్లు చెప్పాడు. నల్లబట్టల ఆడవాళ్ళు మొదట మా పాదాలను చూశారు, తరువాత కళ్ళు దించుకున్నారు. గుడ్డముడి విప్పి అర్ధరూపాయి పెట్టెలో వేశాడు. అది అడుగున పడిన చప్పుడు నాకు వినిపించింది.

బయటికి వస్తే ముసలమ్మ లేదు, బల్ల లేదు. నా గుడ్డజోళ్ళు ఉన్నాయి. వాటి మీద ఎవరికీ ఆశ కలగలేదు. బూట్లు లేవు.

మెట్లన్నీ వెతికాము. గుడి చుట్టూ తిరిగాము. ముసలమ్మ రెండో తలుపు దగ్గర కూర్చొని ఉంది. ఎండ మళ్ళిందని నీడలోకి మారిందట. బూట్ల సంగతి సైగలతో అడిగితే నివ్వెరపోయింది. మేము తల ఊపింది నమస్కారం అనుకుందని అప్పుడు తెలిసింది. ఆమె నెత్తిన చేతులు పెట్టుకొని, సైకిలు తొక్కుతున్నట్లు చేతులు తిప్పి, వీధి చివర చూపించింది. ఈ దేశంలో తోలు బూట్లు దొరక్క మనుషులు చెక్క అడుగుల చెప్పులు వేసుకొని తిరుగుతున్నారు. సిపాయి బూట్లు గుడి మెట్ల మీద వదిలిపోయిన మనుషులను ఆ ఊరు అంతకుముందు చూసి ఉండదు.

లేపగానే రెడ్డిగారు మొదట నవ్వారు. "బూట్లు మెట్ల మీద పెట్టి లోపలికి పోతిరా? ఇది మీ పల్లెలో బోదగడ్డి గుడి అనుకుంటిరా ఏంది? ఒరే, నీ బుద్ధి యాడ పెట్టి పోతివిరా, దాన్ని కూడా ఎత్తుకపోయినారా?" దేవదానం మెట్టు మీద కూర్చొని తన పాదాలు చూసుకుంటున్నాడు.

"పోలీసు ఠాణాలో రాయించుదాము" అన్నాను.

"రాయిస్తే విచారణ అంటారు. రేపు పొద్దున్నే తనిఖీ. నిలబెట్టేస్తారు" అన్నాడు దేవదానం. "నేను పోయేతలికి తలుపుకు తడిక కట్టి ఉంటాది అక్కా. మా అమ్మ యాడ మట్టి మోస్తాంటాదో నేను ఎవరిని అడగాల?"

రెడ్డిగారి నవ్వు ఆగిపోయింది. కొంతసేపు సిగరెట్టు కాల్చారు. తరువాత పక్కనే మెట్టు మీద కూర్చొని తన బూట్ల తాళ్ళు విప్పసాగారు.

"ఏసుకో."

దేవదానం దిగ్గున లేచాడు. "వద్దు రెడ్డయ్యా."

"ఏంటికి వద్దు? నీ కాలు నా కాలు ఒకటే మాదిరి ఉండాయి. నేను చూసినా."

"మీ బూట్లు నా కాళ్ళకా? మా నాయన ఉండింటే తలకాయ తీసేసుంటాడు. మీ వీధిలో పోవాలంటే మేము చెప్పులు చేతబట్టుకొని పోయేవాళ్ళము."

"మా వీధి యాడుందిరా ఈడ?" అన్నారు రెడ్డిగారు. ఆయన గొంతు కరుగ్గానే ఉంది. "మా ఊరి దావ కాదు ఇది. లారీ తోలేటోనికి బూట్లెందుకు? వట్టి కాలికే క్లచ్చు బాగా తెలుస్తాది. ఊరికే పొద్దు పోగొట్టద్దు, అయిదున్నర అయితాది."

దేవదానం నా వైపు చూశాడు. వేసుకోమని చెప్పడానికి నోరు తెరిచాను. మా నాన్న రెడ్ల వీధి మొదట్లో వంగి చెప్పులు విడిచి చంకలో పెట్టుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో. ఆ వీధి దాటగానే మళ్ళీ వేసుకునేవాడు. బడికి వెళ్ళే దారి అదే కనుక నేనూ అలాగే చేశాను. చివరికి, "తీసుకో" అని మాత్రం అన్నాను.

తీసుకున్నాడు. కానీ వేసుకోలేదు. రెండు బూట్లూ తాళ్ళు కలిపి ముడివేసి చేతిలో పట్టుకొని నడిచాడు. ఆయన వట్టికాళ్ళతో ముందు, ఇతను వట్టికాళ్ళతో వెనక, ఇద్దరి నడుమ ఒక జత బూట్లు ఊగుతూ. దారిన పోయేవాళ్ళు నిలబడి చూశారు. వెనక్కు తిరిగి చూసిన రెడ్డిగారికి కోపం వచ్చింది. "ఒరే, మోయను ఇయ్యలేదురా, తొడుక్కోను ఇచ్చినా!"

"లారీ కాడ ఏసుకుంటా రెడ్డయ్యా."

మైదానం మూలలో సైనిక పోలీసు ఒకడు నిలబడి వచ్చేవాళ్ళ దుస్తులు తలనుంచి కాలిదాకా చూస్తున్నాడు. అప్పటికి మేము ఇరవై గజాల దూరంలో ఉన్నాము. రెడ్డిగారు చప్పున గోడ చాటున దేవదానాన్ని ఆపి, నేల మీద ఒక కాలు మడిచి కూర్చొని, బూటు నోరు తెరిచి పట్టుకున్నారు. గుర్రానికి లాడం కొట్టేవాడు కూర్చునే తీరు అది. దేవదానం కళ్ళు మూసుకొని కాలు లోపల పెట్టాడు. రెండో బూటు తనే వేసుకున్నాడు. పోలీసు అతన్ని చూసి పొమ్మన్నాడు. రెడ్డిగారు వెనక వైపు నుంచి చుట్టి వచ్చి, ఎవరూ చూడకముందే లారీలోకి ఎక్కి కూర్చున్నారు. తిరుగుదారిలో ప్రతి వంతెన దగ్గరా నేను చెవి ఒగ్గి విన్నాను. కప్పు మీద చప్పుడు కాలేదు.

తనిఖీ గడిచింది. గురువారం దేవదానం రైలెక్కాడు. అదే వారం రెడ్డిగారు తన బూట్లు పోయాయని చెప్పారు. ఎక్కడ పోయాయంటే, ఫ్లోరెన్సులో గుడి బయట విడిచానన్నారు. జీతంలో కోత పడింది, రెండు వారాలు అదనంగా లారీలు కడగమన్నారు. మీరు విన్న నవ్వులాట అదే: రెడ్డి కిరస్తానం పుచ్చుకొని గుళ్ళో బూట్లు పోగొట్టుకున్నాడని. ఆయన ఎవరికీ కాదని చెప్పలేదు. శిక్ష ముగిశాక నేను, ఇది రాయనా అని అడిగితే, ఒప్పుకున్నారు. అప్పుడే పేరు వద్దన్నారు. "ఈడ చేసింది ఈడ సరిపాయ. మా ఊళ్ళో తెలిస్తే మా నాయన ఇంట్లోకి రానియ్యడు సిస్టరమ్మా. ఊళ్ళో అయితే నేను కూడా చేసుండను, అబద్ధమెందుకు" అన్నారు. ఆ మాట మీద నేను చాలా ఆలోచించాను. ఆయన మంచితనం తగ్గిపోయిందా అని చూసుకున్నాను, తగ్గలేదు. కానీ ఇంత దూరం వస్తేనే ఒక మనిషి ఇంకొక మనిషికి బూటు తొడగగలిగితే, తిరిగి ఓడలెక్కి పోతున్న మనమందరమూ ఊళ్ళలో ఎలా నడవబోతున్నాము? ఆ రోజు చూసిన గుమ్మటమూ వంతెనా ఇప్పటికే కొంచెం కొంచెం చెరిగిపోతున్నాయి. గోడ చాటున కూర్చున్న మనిషి మాత్రం అలాగే ఉన్నాడు.

వెళ్ళేవాళ్ళు ఒక గుడ్డసంచి దగ్గర ఉంచుకోండి. గుళ్ళో వట్టికాళ్ళతో నడవాలని మీ మనసుకు తోస్తే తప్పక నడవండి, ఎవరూ అడ్డుపెట్టరు. బూట్లు సంచిలో వేసి మీతోనే లోపలికి తీసుకుపోండి.

నాదొక మనవి. ఆదోని, కోసిగి వైపు నుంచి ఇంటి ఉత్తరాలు వచ్చేవాళ్ళు మీలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. దేవదానం ఇల్లు చేరాడా, చేరేసరికి తలుపు తెరిచి ఉందా అని మీవాళ్ళను అడిగి, సెప్టెంబరు ఇరవయ్యో తేదీలోగా నర్సుల బస పేరిట నాకు ఒక ముక్క రాయండి. ఆ తరువాత నన్ను ఎక్కడికి పంపుతారో నాకే తెలియదు. రెడ్డిగారు కూడా కబురు కోసం అడుగుతున్నారు. కానీ ఆయన అడిగేది ఇంకొకటి: రైలు దిగి ఊళ్ళోకి పోయేటప్పుడు ఆ బూట్లు కాళ్ళకు వేసుకొని పోయాడా అని. "చేతబట్టుకొనే పోయింటాడు, వాని సంగతి నాకు తెలుసు" అంటున్నారు. అలా కాదని ఎవరైనా రాస్తే, ఆ ఉత్తరం ఆయనకు చూపించాలని ఉంది.